పేరు చెప్పని కథలు

పిల్లల ఆసుపత్రిలో పరీక్షల విభాగంలోకి వెళ్లాలంటే ముందు ఆవిడ గది దాటాలి. వేరే దారి లేదు. గోడవార మూడు కుర్చీలు, ఎదురుగా ఒక బల్ల, బల్ల మీద ఒక పెన్ను, ఆ పెన్ను ఎవరి జేబులోకీ వెళ్లిపోకుండా దానికో తాడు. పసివాడి వేలికొనలోంచి చుక్క రక్తం తీయాలన్నా, కడుపులో ఏముందో తెర మీద చూడాలన్నా, సూది గుచ్చి లోపలి నుంచి కాస్త ముక్క తీయాలన్నా, ముందు కన్నవాళ్లకి విషయం విడమరిచి చెప్పి సరే అనిపించుకోవడం ఆవిడ పని. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి సంతకాలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆవిడా అలవాటు పడిపోయింది.

సంతకం పెట్టించుకోవడం కూడా ఒక పనేనా అనుకునేవాళ్లు ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చుని చూడాలి. ఒకాయన ఒక్క ముక్క వినకుండా గీకేసి పోతానంటాడు. ఒకావిడ విన్నదే విని, విన్నదే విని ఏడుస్తుంది. ఇంకొకాయన బావమరిది లాయరట, ఫోన్లో కనుక్కుని పెడతానని గంట కూర్చుంటాడు. వీళ్లందరితో వేగేసరికి సంతకాలమ్మకి తల ప్రాణం తోకకి వచ్చేది. అయినా ఒక్కరికి కూడా విసుక్కుని చెప్పింది లేదు, వినకుండా పెడతానన్నవాణ్ణి పెట్టనిచ్చిందీ లేదు.

పద్నాలుగు నిండిన పిల్లల సంగతి వేరు. అక్కడి నియమం ప్రకారం ఆ వయసు వచ్చిన పిల్లలు తమంతట తాము వచ్చి కొన్ని పరీక్షలు చేయించుకోవచ్చు. ఇంట్లో ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో వాళ్ల ఇష్టం. సూది దాకా, కత్తి దాకా వస్తే మాత్రం పెద్దవాళ్లలో ఒకరు ఒప్పుకోవాలి. ఆ ఒకరు తల్లా, తండ్రా, ఇంకెవరైనానా అన్నది కూడా పిల్లలే చెబుతారు. ఇక ఆసుపత్రిలో పనిచేసే మనిషి సొంత పిల్లలే వస్తే, ఆ మనిషి ఆ ఛాయలకి రాకూడదు, ఎవరినీ అడక్కూడదు, కంప్యూటర్లో తెరిచి చూడకూడదు. చూస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఈ నియమాన్ని సంతకాలమ్మ కాపాడినట్టు ఇంకెవరూ కాపాడలేదు. ఒకసారి ఒక పెద్ద అధికారి కూతురు ఒంటరిగా వచ్చి వెళ్లిందని ఎలాగో తెలిసి ఆ తండ్రి ఊగిపోతూ వచ్చాడు. బల్ల గుద్దాడు, ఎవరెవరి పేర్లో చెప్పాడు. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. ఆయన అరిచి అలిసిపోయాక నెమ్మదిగా అంది:

"మీ అమ్మాయికి చెప్పాలనిపిస్తే మీకు చెబుతుందండీ. చెప్పాలనిపించేలా ఉండటం మీ పని. ఈ తలుపు మూసి ఉంచడం నా పని."

ఈ మాట ఆసుపత్రంతా పాకింది. కొత్తగా చేరిన నర్సులకి దాన్ని పాఠంలా చెప్పేవాళ్లు. ఆవిడా లోలోపల పొంగిపోయింది, పొంగిపోవడంలో తప్పూ లేదు.

తప్పల్లా ఇంటి దగ్గర. అంత కట్టుదిట్టమైన మనిషికి ఇల్లు చేరేసరికి నోరు ఊరుకునేది కాదు. భోజనాల దగ్గర కూర్చోగానే, "ఇవాళ ఒకమ్మాయి వచ్చింది, పేరు చెప్పననుకోండి" అని మొదలుపెట్టేది. పేరు చెప్పదు, ఇల్లెక్కడో చెప్పదు, ఏ బడో చెప్పదు. అంతటితో నియమం చెల్లిపోయిందని ఆవిడ నమ్మకం. ఆ తర్వాత ఇక అడ్డేముంది. ఆ పిల్ల ఎలా బిక్కచచ్చిపోయి వచ్చిందో, అడిగినదానికి ఎలా నీళ్లు నమిలిందో, డాక్టరుగారు ఏమన్నారో, ఉప్పూ కారం దట్టించి, గొంతు మార్చి, కళ్లు తిప్పి మరీ చెప్పేది. ఎంత బాగా చెప్పేదంటే వింటున్నవాళ్లకి ఆ పిల్ల ఎదురుగా నిలబడి వణుకుతున్నట్టే ఉండేది.

మొగుడు డ్రైవింగు నేర్పుతాడు. పక్కన ఎవరో ఒకరు బ్రేకనుకుని ఇంకోటి తొక్కుతుంటే పగలంతా గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరిగే మనిషి. సాయంత్రం నవ్వుకోవడానికి నాలుగు మాటలు దొరికితే ఆయనకి అంతకంటే ఏం కావాలి. కూతురికి పదిహేనేళ్లు. ఎత్తులో తల్లిని దాటేసినా ఇంట్లో ఇంకా చిట్టి అనే పిలుస్తారు. చిట్టి నవ్వేది, ప్రశ్నలు వేసేది, ఏ వయసువాళ్లు ఒంటరిగా రావచ్చో, ఎవరికి చెప్పొద్దంటే చెల్లుతుందో అన్నీ అడిగేది. నియమాలన్నీ కూతురికి ముద్దతో పాటు నోట్లో పెట్టింది ఈ తల్లే.

ఆ కథలన్నిట్లోకీ ఇంట్లో పేరుపడ్డది వీలునామా పిల్ల కథ. ఎవరో పద్నాలుగేళ్ల పిల్లకి రొమ్ములో చిన్న గడ్డ తగిలిందట. ఇక తను చచ్చిపోతుందని ఖాయం చేసుకుని, ఆసుపత్రికి వచ్చే ముందు తన వస్తువులన్నీ పంచేసిందట. సైకిలు తమ్ముడికి, రంగుపెన్సిళ్లు స్నేహితురాలికి, దుప్పటి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, తనతోనే పంపించాలి. తీరా చూస్తే ఆ గడ్డ ఏమీ కాదు, ఆ వయసులో చాలామందికి వచ్చి పోయేదే. "దుప్పటి నాతో పంపించండి" అని ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ అన్నట్టు సంతకాలమ్మ అచ్చంగా దింపేసింది. మొగుడికి పొట్ట చెక్కలైంది. చిట్టికి నవ్వుతూ నవ్వుతూ పొలమారితే తల్లే నెత్తి మీద తట్టింది. తేరుకుని, "ఆ దుప్పటి ముక్క మళ్లీ చెప్పమ్మా" అని అడిగింది కూడా.

విభాగంలో పెద్ద నర్సు ఒకావిడ ఉంది, సంతకాలమ్మ అక్కా అని పిలుస్తుంది. టీ తాగుతున్నప్పుడు ఈ ఇంటి కథల సంగతి చూచాయగా విని, ఇంటికి మోసుకెళ్లకే అని ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. నేనేమన్నా పేర్లు చెబుతున్నానా అక్కా అని సంతకాలమ్మ నవ్వేసింది.

ఒకరోజు ఆవిడ టీకాలు వేసేవాళ్లతో కలిసి ఊరవతల బళ్లకి వెళ్లాల్సి ఉంది. బయల్దేరాక వాళ్ల వ్యాను సగం దారిలో మొరాయించింది. తోశారు, తిట్టారు, చివరికి వెనక్కి తిరిగొచ్చారు. ఆవిడ చెమటలు తుడుచుకుంటూ తన గదికి వస్తుంటే వసారాలో పెద్ద నర్సు ఎదురై తెల్లబోయింది. నువ్వు వెళ్లలేదా అంది. వ్యాను సంగతి సగం విని, సరే అయితే ఇవాళ్టికి టీకాల గదిలో కూర్చో, ఇక్కడ నేను చూసుకుంటా అంది.

సంతకాలమ్మకి ఆ తొందర ఎబ్బెట్టుగా తోచింది. తన సంచి తీసుకుని పోతానని రెండడుగులు వేసింది. నేను పట్టుకొస్తా, నువ్వు ముందు నడువు అని పెద్ద నర్సు అడ్డంగా నిలబడింది. ఆవిడ భుజం మీదుగా స్కానింగు గది కనిపిస్తోంది. ఆ గదిలోకి దుమ్ము పోకూడదని ఎవరైనా చెప్పులు బయటే విడవాలి. తలుపు పక్కన బల్ల మీద ఒకే ఒక జత బూట్లున్నాయి. ఒకదానికి తెల్ల తాడు, రెండోదానికి నల్ల తాడు. నల్లది మొగుడి పాత బూటులోంచి లాగి పోయిన వారమే తను తన చేత్తో ఎక్కించింది.

పేరు దాచారు, మొహం దాచారు, తలుపు వేశారు, తెర లాగారు. బూట్లు దాచాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

లోపలున్నది తన కూతురు. ఆ తలుపు తోస్తే అరక్షణం పని. కానీ తోసే వీల్లేదని ఈ విభాగంలో అందరికంటే ఎక్కువ తెలిసింది తనకే. పెద్ద నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"అక్కా, ఒక్క ముక్క చెప్పు."

"ఎవరి గురించి?"

"నీకు తెలుసు ఎవరి గురించో."

"నాకేమీ తెలీదు. నీకూ ఏమీ తెలీదు. వెళ్లి టీకాల గదిలో కూర్చో."

వెళ్లి కూర్చుంది. పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు గుక్కపట్టి ఏడుస్తున్నారు, ఆవిడకి ఒక్కటీ వినపడలేదు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లల కథలు తను చెప్పినవి చాలావరకు ఒకే రకం. కాబట్టి బుర్రలో మెదిలిందీ అదే. ఎవడు వాడు? లెక్కల పుస్తకం కోసం గుమ్మంలో నిలబడి నేల చూపులు చూసే ఆ పొడుగు కుర్రాడా? సైకిలు షాపులో పనిచేసేవాడా? మధ్యాహ్నానికల్లా ఆ పొడుగు కుర్రాణ్ణి మనసులో చెంపలు వాయించి, వాళ్ల అమ్మని కూడా కడిగేసింది. ఆ అబ్బాయి పాపం ఏ పాపమూ ఎరగడు.

సాయంత్రం చిట్టి ఎప్పటి వేళకే ఇంటికొచ్చింది. బడి ఎలా ఉందని తల్లి అడిగింది. ఎప్పట్లానే అంది. ఆ అబద్ధం ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. పిల్ల ఇంత నేర్పుగా దాచగలదని తల్లికి అప్పుడే తెలిసింది, భయం వేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ నోరు విప్పలేదు. ఏమోయ్, ఇవాళ మీ ఆసుపత్రికి సెలవా అని మొగుడు వేళాకోళం చేశాడు. తలనొప్పి అని చెప్పి లేచిపోయింది.

తర్వాతి వారంలో ఒక పొద్దున మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. లైసెన్సు పరీక్షకి కుర్రాళ్లని తీసుకెళ్లాలన్నాడు. ఆ పరీక్షకి ఆయన ఏనాడూ ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. ఆవిడ ఆసుపత్రికి వెళ్లేసరికి పెద్ద నర్సు గుమ్మంలోనే ఉంది. టీకాల గది వైపు చూసింది. ఆవిడ అటే నడిచింది. ఆ గది కిటికీలోంచి ప్రహరీ గోడ కనిపిస్తుంది. గోడ పక్కన, నెత్తి మీద నేర్చుకునేవాళ్ల బోర్డున్న కారు ఆగి ఉంది.

అంటే సూది దాకా వచ్చిందన్నమాట. ఒప్పుకునే పెద్దమనిషిగా చిట్టి ఎంచుకున్నది తండ్రిని. జ్వరం మాత్రకీ నొప్పి మాత్రకీ తేడా తెలియని మనిషిని, రక్తం చూస్తే కళ్లు తిరిగే మనిషిని. ఎందరు తల్లులకో సూది ఎంత లోతు దిగుతుందో, ఎంతసేపు నొప్పి ఉంటుందో ఓపిగ్గా చెప్పిన తను ఇక్కడ కిటికీ పట్టుకుని నిలబడింది. లోపల ఆయన ఆ తాడు కట్టిన పెన్నుతో సంతకం పెడుతుంటాడు. ఆవిడకి మొగుడి మీద అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెంటనే, ఆయనైనా పక్కన ఉన్నాడు కదా అని దండం పెట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం చిట్టి పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. కుడిచెయ్యి పైకెత్తి, ఠక్కున ఆపి, దించేసి, ఎడమచేత్తో అందుకుంది. రెండో బట్టకీ అంతే. తల్లి వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఆ చెయ్యి ఎక్కడిదాకా లేచి ఆగిందో చూస్తే, సూది ఎక్కడ దిగిందో తెలియడానికి ఆవిడకి డాక్టరు అక్కర్లేదు.

గడ్డ. కుర్రాడూ లేడు, గిర్రాడూ లేడు. పిల్లకి రొమ్ములో గడ్డ తగిలింది.

చిట్టికి ఆ గడ్డ ఎప్పుడు తగిలి ఉంటుంది? వీలునామా పిల్ల కథ చెప్పిన రాత్రికే ఉందా? ఆ దుప్పటి ముక్క మళ్లీ చెప్పమని అడిగింది నవ్వడానికా, లేక ఆ పిల్లకి చివరికి ఏమీ కాలేదన్న మాట ఇంకోసారి వినడానికా? తను మాత్రం దుప్పటి ముక్క దగ్గరే ఆపేసి, మళ్లీ ముక్కు ఎగబీల్చి చూపించింది. పిల్ల భయంతో ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ భయం ఎంత నవ్వులాటో చూపించి మెప్పు కొట్టేసింది. ఆ తర్వాత ఏ పిల్ల వచ్చి అమ్మా నాకిలా ఉంది అంటుంది? తను కూడా రేపు ఇంకెవరి భోజనాల దగ్గరో ఒక కథ అవుతుందని అనుకోదూ? సిగ్గుతో ఆవిడకి ఒళ్లంతా మండింది. అన్నాళ్లూ ఎవరి కూతుళ్లనో తెచ్చి ఈ పీటల మధ్య నిలబెట్టి నవ్వించింది. ఒక్క పిల్లకీ తను సంజాయిషీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకుందామన్నా వాళ్లెవరో ఆ పేర్లు తనకే సరిగ్గా గుర్తులేవు.

ఫలితం రావడానికి కొన్నాళ్లు పడుతుంది. వచ్చినదాన్ని చూడటానికి తన బల్ల మీది కంప్యూటరు చాలు, నాలుగు మీటలు నొక్కితే చాలు. ఆ రోజుల్లో ఆవిడ చేతులు ఎన్నిసార్లు అటు వెళ్లి వెనక్కి వచ్చాయో. ఆపింది ఉద్యోగ భయం కాదు. ఉద్యోగం పోతే పోయిందనే అనుకుంది. కానీ చిట్టి చెప్పకుండానే తను తెలిసేసుకుంటే, ఇక చిట్టి తనకి చెప్పడానికంటూ ఏమీ మిగలదు. ఇప్పుడు ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. మంచో చెడో, ఆ పిల్ల తనంతట తాను వచ్చి, అమ్మా అని నోరు తెరిచి చెప్పాలి. చెబుతుందేమోనని కూతురి జడ వేస్తూ కావాలని ఆలస్యం చేసేది. పుస్తకాలు సర్దే నెపంతో దాని గదిలో తచ్చాడేది. చిట్టి బూట్ల గురించీ, బడి గురించీ మాట్లాడేది, ఆ మాట తప్ప.

ఇంకో పక్క భోజనాల దగ్గర ఆవిడకి కథ ఏదీ నోటికి రావడం లేదు. రోజూ ఎవరో ఒక పిల్ల వస్తూనే ఉంది, కానీ ఆ పిల్లని ఇంటికి తీసుకురావడానికి ఆవిడకి మనసొప్పడం లేదు. తల వంచుకుని తిని లేచేది. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకోవడం ఆవిడ కంట పడింది. ఆసుపత్రిలో ఎవరైనా ఏమైనా అన్నారా అని మొగుడు అడిగాడు. ఆ ప్రశ్నకి ఆవిడ గతుక్కుమంది. తనకి తెలిసిపోయిందని వీళ్లు పసిగడితే? ఎవరు చెప్పారంటే పెద్ద నర్సు పేరే అనుకుంటారు. బూట్లు చూసి కనిపెట్టానంటే ఎవరు నమ్ముతారు? ఆ తలుపు వెనక చెప్పుకున్న మాట బయటికి పొక్కిందని అనుకుంటే, చిట్టి ఇక ఈ జన్మలో ఏ డాక్టరు గడపా తొక్కదు. అలా జరగడానికి వీల్లేదు. ఎప్పట్లాగే ఉండాలి, ఏమీ ఎరగనట్టే ఉండాలి అని గట్టిగా అనుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం మొగుడు ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. చేతిలో ఐస్‌క్రీము డబ్బా ఉంది. ఎందుకండీ ఇది అంటే, ఊరికే, ఎండగా ఉంది కదా అన్నాడు. పొద్దుటి నుంచీ మబ్బు. చిట్టి ఆ డబ్బా అందుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఇంకేం చెప్పాలి? గండం గడిచింది, గడ్డ ఏమీ కాదు. సంతకాలమ్మ వంటింట్లోకి పోయి, కుళాయి బాగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున కడుపారా ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని బయటికి వచ్చేసరికి అందరూ పీటల మీద ఉన్నారు. రోజూ ఎదురుగా కూర్చునే చిట్టి ఇవాళ తల్లి పక్కన కూర్చుంది. తనే తల్లికి వడ్డించింది.

మొగుడు కంచంలోకి చూస్తూ తింటున్నాడు. చిట్టి రెండుసార్లు తల్లి మొహంలోకి చూసి తల దించుకుంది.

"ఇవాళ మీ ఆసుపత్రిలో ఏమీ జరగలేదామ్మా?" అంది చివరికి.

తనకి తెలిసిందో లేదో పిల్ల ఆరా తీస్తోందనుకుంది ఆవిడ. తడబడితే దొరికిపోతుంది. ఆసుపత్రి పిల్లల్లో ఒక్కరిని కూడా ఇక్కడికి లాక్కురావడానికి మనసొప్పదు కదా, ఏం చెప్పాలి? అందుకని ఒక పిల్లాణ్ణి అప్పటికప్పుడు పుట్టించింది. అలాంటివాడు ఏ రోజూ ఏ ఆసుపత్రికీ రాలేదు.

"జరక్కపోవడమేంటి. ఇవాళ ఒకడొచ్చాడు, పేరు చెప్పననుకో..." అని మొదలుపెట్టింది. వాడు సూదిని చూసి బల్ల కిందికి దూరాడంది. నా రక్తం మంచిది కాదు, మా తమ్ముడిది తీసుకోండి, వాడు మిఠాయిలు ఎక్కువ తింటాడు అన్నాడంది. గొంతు మార్చింది, కళ్లు తిప్పింది, వాడు బల్ల కోడు పట్టుకుని వేలాడినట్టు నీళ్ల చెంబు పట్టుకుని చూపించింది. గండం గడిచిన సంతోషం కూడా తోడై, ఆ రాత్రి చెప్పినంత బాగా ఆవిడ ఏ రాత్రీ చెప్పలేదు. మధ్యలో మొగుడు ఎందుకో గొంతు సవరించుకున్నాడు, కాలితో ఆవిడ కాలు నొక్కాడు. ఆవిడ పట్టించుకోలేదు.

చిట్టి నవ్వింది. తర్వాత ఏమైందమ్మా అని కూడా అడిగింది, కథ పూర్తిగా విన్నది. కంచంలో మిగిలింది తినేసి, కడిగేసి, బోర్లించి, తన గదిలోకి వెళ్లిపోయింది. ఐస్‌క్రీము డబ్బా మూత తీయలేదు.

మొగుడు తినడం ఆపేసి కూర్చున్నాడు.

"ఇవాళ ఒక్కరోజు ఊరుకుంటే ఏం పోయేది నీకు?"

"ఏమైందండీ?"

"అది నీకో మాట చెప్పాలనుకుంది. పొద్దున కారులో నాతో అంది. ఈ మధ్య అమ్మ ఎవరి కథలూ చెప్పడం లేదు నాన్నా, ఇవాళ కూడా చెప్పకపోతే నేనే చెప్పేస్తా అని."

"ఏం మాట?" అంది ఆవిడ. తెలియనట్టు అడగాలి కాబట్టి అడిగింది.

"నేను చెప్పకూడదు. మాటిచ్చాను." ఆయన కంచం పక్కకి జరిపాడు. "నిన్ను అడగమని నేనే అన్నాను దాన్ని. ఏమీ లేదని నువ్వంటే మొదలుపెడదామనుకుంది."

అలాంటి పిల్లాడు లేడండీ, నేనే అల్లాను అని ఆవిడ గొంతు దాకా వచ్చింది. అంటే ఎందుకు అల్లావంటారు. అది చెప్పాలంటే బూట్లు చెప్పాలి, కారు చెప్పాలి, బట్టలు తీసిన చెయ్యి చెప్పాలి. అన్ని రోజులూ నాకు తెలుసు, తెలిసీ మిమ్మల్నిద్దరినీ కనిపెడుతూ కూర్చున్నానని ఒప్పుకోవాలి. 

లేచి కూతురి గది దాకా వెళ్లింది. తలుపు మూసి ఉంది, గడియ లేదు. తోస్తే తెరుచుకుంటుంది. తోయకుండా బయట నిలబడి, "చిట్టీ" అంది. "నాతో ఏమైనా చెప్పాలా అమ్మా?"

"ఏం లేదమ్మా. చదువుకుంటున్నా."

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఎంతో మర్యాదగా ఉంది. ఒంటరిగా వచ్చి, ఎదురు కుర్చీ అంచున కూర్చుని, మా అమ్మకి మాత్రం చెప్పొద్దండీ అనే పిల్లలందరూ ఆవిడతో సరిగ్గా అలాగే మాట్లాడతారు.